రుడాల్ఫ్ డీజిల్

కృష్ణానది సముద్రమున గలియుటకు ముందు దివిసీమను ఒరసికొని పారుచు నాగాయలంక యొడ్డున మిక్కిలి విశాలమై కనబడును. తెల్లవారకమునుపే అచ్చటి జాలరులు వలలు సరిచూచుకొని, పడవలలో నెక్కి, ఇంజనులు త్రిప్పుదురు. నీటిమీద ఆ చప్పుడు చాల దూరము వినబడును. బయలుదేరుటకు ముందు ప్రతి పడవవాడును మనసులో నొక లెక్క వేసికొనును. పోవలసిన దూరమెంత? తిరిగివచ్చుటకు ఎన్ని గంటలు పట్టును? అంతసేపు ఇంజను తిరుగుటకు ఎన్ని లీటర్ల డీజిలు కావలెను? ఈ లెక్క తప్పినచో నడిసముద్రమున ఇంజను ఆగిపోవును. లెక్క తప్పకున్నను, ఇంజను నూనెను దండుగగా త్రాగునదైనచో వేటలో వచ్చిన సొమ్ము నూనెకే చెల్లిపోవును.

గుడివాడ ప్రాంతమున ధాన్యము మోయు లారీలును, పొలము దున్ను ట్రాక్టరులును ఆ నూనెతోనే నడచును. దినమునకు పదిసారులు మన నోట పలుకబడు డీజిలను మాట ఒక మనుష్యుని పేరని యెరిగినవారు తక్కువ. ఆతడు నూనెను కనిపెట్టినవాడు కాడు. ఇంధనములో నిమిడియున్న వేడియెంత, ఇంజను దానినుండి రాబట్టు పని యెంత యని లెక్క చూచి, ఆ రెంటి నడుమ వ్యర్థమగుచున్న దానిని తగ్గించుటకు బ్రతుకంతయు ధారవోసినవాడు.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. ఆతని తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్ డీజిల్ బవేరియా సీమలోని ఆగ్స్‌బర్గ్ పట్టణమువాడు. పారిస్ చేరి తోలుసామానులు చేసి అమ్ముకొనుచుండెను. తల్లి పేరు ఎలిజె. ముగ్గురు బిడ్డలలో రుడాల్ఫ్ రెండవవాడు. కుటుంబము కలిగినది కాదు. తండ్రి తయారుచేసిన సరకును కొనువారి యిండ్లకు చేరవేయు పని ఆ బాలునిపై పడెను. తీరిక దొరకినప్పుడు ఆతడు నగరములోని యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, పాత ఆవిరియంత్రములను కన్నార్పక చూచి, వాని రూపములను కాగితముపై గీసికొనుచుండెను.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిస్‌లో కాపురమున్న జర్మనులు ఇల్లువాకిళ్లు విడిచి పోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము లండను నగరము చేరెను. అచ్చట జరుగుబాటు కష్టమయ్యెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును తల్లిదండ్రులు ఆగ్స్‌బర్గ్‌లోని తమ బంధువులగు బార్నికెల్ దంపతుల యింటికి పంపివేసిరి. బార్నికెల్ గణితోపాధ్యాయుడు. కన్నవారికి దూరమైన దుఃఖమును ఆ బాలుడు చదువులో మరచెను. గణితమును, చిత్రలేఖనమును, యంత్రశాస్త్రమును శ్రద్ధతో అభ్యసించెను. పదునాలుగవయేటనే తాను ఇంజనీరు కాదలచితినని తల్లిదండ్రులకు వ్రాసెను. 1873లో తన తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఇక చదువు చాలించి సంపాదనకు దిగవలెనని తల్లిదండ్రుల కోరిక. కాని 1875లో మ్యూనిక్ నగరపు సాంకేతిక కళాశాల ఆతనికి విద్యార్థివేతన మొసగెను. పేదయింటి బాలునికి ఆ వేతనమే త్రోవ చూపెను.

ఆ కళాశాలలో కార్ల్ లిండే యను ఆచార్యుడు ఉష్ణశాస్త్రమును బోధించుచుండెను. మంచును తయారుచేయు యంత్రమును నిర్మించి పేరుగాంచిన పండితు డాయన. 1878లో నొకనాడు పాఠము చెప్పుచు, ఆవిరియంత్రములో కాల్చిన బొగ్గునందలి వేడిలో నూటికి ఆరు మొదలు పది పాళ్లు మాత్రమే పనిగా మారునని ఆయన తెలిపెను. తక్కిన తొంబది పాళ్లును పొగగొట్టము గుండను, ఆవిరి గుండను గాలిలో కలిసిపోవుచున్నవి. ఆనాడు రైళ్లు, ఓడలు, మిల్లులు అన్నియు ఆవిరిచేతనే నడచుచుండెను. లోకమంతయు తన పురోగమనమునకు గుర్తుగా నెంచుకొన్న యంత్రము ఇంత దుబారాయని విని యిరువదియేండ్ల రుడాల్ఫ్ నివ్వెరపోయెను. ఈ నష్టమును తగ్గింపలేమా యను ప్రశ్నను తన పుస్తకపు అంచున వ్రాసికొనెను. ఆ ప్రశ్న మరి ఆతనిని విడువలేదు.

ఇచ్చట విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. బొగ్గులోనుండునది వేడి. యంత్రము చేయునది పని. వేడిని కేలరీలలో కొలుతురు. యంత్రపు శక్తిని గుఱ్ఱపుబలములలో కొలుతురు. కుంచముతో కొలిచిన దానిని మూరతో కొలిచిన దానితో పోల్చి, ఇందు నూటికి పది పాళ్లే యని చెప్పుట యెట్లు?

ఈ ముడిని డీజిల్ పుట్టుటకు పూర్వమే ఇద్దరు విప్పియుండిరి. ఒకరు జర్మను వైద్యుడగు రాబర్ట్ మేయరు. రెండవవారు ఇంగ్లండువాడగు జేమ్స్ జౌల్. వేడియును, పనియును ఒకే శక్తికి రెండు రూపములని వారు 1840-1850 సంవత్సరముల నడుమ నిరూపించిరి. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడి ఒక కిలోకేలరీ. ఆ వేడి యేమియు నష్టపడక పనిగా మారినచో 427 కిలోగ్రాముల బరువును ఒక మీటరు ఎత్తునకు లేపగలదని సూక్ష్మమైన కొలతలవలన తేలినది.

ఇక గుఱ్ఱపుబలము. కృష్ణా డెల్టా రైతు ధాన్యమును 75 కిలోగ్రాముల బస్తాలుగా లెక్కించును. అట్టి బస్తానొకదానిని ఒక సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపగల యంత్రమునకు ఒక గుఱ్ఱపుబలము గలదని ఐరోపా ఖండపు కొలమానము. గంటకు 3,600 సెకనులు. కావున ఒక గుఱ్ఱపుబలము గల యంత్రము గంటసేపు పనిచేసినచో 3,600 బస్తాలను ఒక్కొక్క మీటరు లేపినట్లగును. అనగా 2,70,000 కిలోగ్రాముల బరువును ఒక మీటరు లేపిన పని. దీనిని 427చే భాగించినచో సుమారు 632 వచ్చును. అనగా ఒక గుఱ్ఱపుబలము గంటసేపు చేయు పని 632 కిలోకేలరీల వేడికి సమానము. ఈ 632 అను సంఖ్యయే కుంచమునకును మూరకును వంతెన.

మంచి బొగ్గు కిలోగ్రాము కాలినచో సుమారు 7,500 కిలోకేలరీల వేడి పుట్టును. గంటకు ఒక గుఱ్ఱపుబలమునకు ఒక కిలోగ్రాము చొప్పున బొగ్గు కాల్చు ఆవిరియంత్రమునే తీసికొందము. పుట్టిన వేడి 7,500. పనిగా మారినది 632. నూటికి ఇంచుమించు ఎనిమిదిన్నర పాళ్లు మాత్రమే. లిండే తెలిపిన సత్యమిదియే.

1879లో చివరి పరీక్షల సమయమునకు డీజిల్ సన్నిపాత జ్వరముపాలయ్యెను. మరల పరీక్ష జరుగువరకు ఊరకుండక స్విట్జర్లండులోని వింటర్‌థూర్ పట్టణమున సుల్జర్ సోదరుల యంత్రశాలలో పనివారితోపాటు పనిచేసెను. 1880 జనవరిలో పరీక్ష నిచ్చి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట లిండే ఆతనిని పారిస్‌లోని తన మంచుయంత్రముల కార్యాలయమునకు పంపెను. 1883లో మార్తా ఫ్లాషేయను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులును, ఒక కుమార్తెయు కలిగిరి. పగలు మంచుయంత్రముల పని, రాత్రి తన ఇంజనును గూర్చిన ఆలోచన. ఇట్లు పదేండ్లు గడచెను. ఆవిరికి మారుగా అమోనియాను వాడిచూచెను; అది ఫలింపలేదు. 1890లో కుటుంబముతో బెర్లిన్ నగరమునకు మారెను.

కడకు ఆతనికి గాలిమీద దృష్టి నిలిచెను. సైకిలు చక్రమునకు గాలికొట్టినవారికి ఒక సంగతి తెలియును. పంపులోని గాలి ఒత్తిడికి లోనగుకొలది పంపు వేడెక్కును. అదే విధముగ ఒక గట్టి ఇనుపగొట్టములో గాలిని మిక్కిలి హెచ్చుగా నొత్తినచో అది నిప్పువలె కాగును. ఆ కాగిన గాలిలోనికి నూనెను తుంపరగా చల్లినచో వత్తియు, నిప్పురవ్వయు లేకయే తనంతట నంటుకొనును. అట్లు మండిన వాయువు ముషలకమును నెట్టును, చక్రము తిరుగును. నీటిని కాచి ఆవిరి చేయు బాయిలరు ఉండదు. వేడి పుట్టిన చోటనే పనిగా మారును. ఒత్తిడి హెచ్చినకొలది వ్యర్థమగు వేడి తగ్గును. ఇదియే డీజిల్ సూత్రము.

1892లో ఆతడు దీనికి పేటెంటు కోరెను. 1893 ఫిబ్రవరిలో అది లభించెను. ఆ యేడే తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. అందు ఇంధనములోని వేడిలో నూటికి 73 పాళ్లు వరకు పనిగా మార్చవచ్చునని లెక్కగట్టెను. అందుకు గాలిని వాతావరణపు ఒత్తిడికి 250 రెట్లు నొత్తవలెను. పండితులు కొందరు మెచ్చుకొనిరి, కొందరు నవ్విరి. అంత ఒత్తిడికి తాళు ఇనుము లేదనిరి. డీజిల్ తానును మరల లెక్కలు చూచికొని, ఆ మార్గమున ఇంజను నడువదని గ్రహించి, ఒత్తిడిని చాల తగ్గించి, నూనె మండు విధమును మార్చుకొనెను. తాను అచ్చొత్తించిన గ్రంథములోని మాటనే తాను సవరించుకొనుటకు ధైర్యము కావలెను. ఆగ్స్‌బర్గ్ యంత్రశాలాధిపతియగు హైన్రిక్ ఫాన్ బూజ్‌ను, క్రుప్ కంపెనీవారును ఆతని ప్రయోగములకు ధనసహాయము చేయనంగీకరించిరి.

1893 ఆగస్టు 10వ తేదీన ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజనులో ఇంధనము వెలిగింపబడెను. ఒత్తిడి ఒక్కుమ్మడిగా హెచ్చి, దానిని కొలుచుటకమర్చిన పరికరము ప్రేలి ముక్కలయ్యెను. ఇంజను నడువలేదు. కాని ఒత్తిడిచే కాగిన గాలిలో ఇంధనము తనంతట నంటుకొనునను మాట మాత్రము రుజువయ్యెను. మార్పులు చేసి మరల ప్రయత్నించిరి. 1894 ఫిబ్రవరి 17వ తేదీన ఇంజను ఒక్క నిమిషము తన బలముతో తాను తిరిగెను. ఆ నిమిషములో అది తిరిగినది 88 సారులు. ఆ యొక్క నిమిషమునకై ఆతడు పదునారేండ్లు వేచియుండెను. ఇంకను మూడేండ్లపాటు కవాటములను, గాలిపంపును, నూనె చల్లు సాధనమును ఒక్కొక్కటిగా సరిదిద్దుచు పోయెను.

1897 ఫిబ్రవరి 17వ తేదీన తుదిపరీక్ష జరిగెను. పరీక్షకుడు డీజిల్ కాడు. మ్యూనిక్ కళాశాల ఆచార్యుడగు మోరిట్జ్ ష్రోటర్. తన యంత్రమును తానే మెచ్చుకొన్నచో లోకము నమ్మదని డీజిల్‌కు తెలియును. ఇంజనుకు ఒకే సిలిండరు. నిమిషమునకు 154 సారులు తిరుగుచు 17.8 గుఱ్ఱపుబలముల శక్తి నిచ్చెను. అది త్రాగిన కిరసనాయిలును తూచి, గంటకు ఒక్కొక్క గుఱ్ఱపుబలమునకు ఎన్ని గ్రాములు పట్టినదో గణించిరి. 238 గ్రాములని తేలినది.

ఇది బొగ్గుకంటె మేలో, కాదో యెట్లు తెలియును? ఒక కిలోగ్రాము బొగ్గుకు బదులు 238 గ్రాముల కిరసనాయిలు చాలినదని చంకలు కొట్టుకొనుట తగదు. ఇంధనములన్నియు సమానములు కావు. మిల్లులలో కాల్చు వరియూక కిలోగ్రామునకు 3,000 కిలోకేలరీలకు కొంచెము పైగా వేడి నిచ్చును. బొగ్గు అంతకు రెట్టింపునకు మించి యిచ్చును. కిరసనాయిలు 10,000కు పైగా నిచ్చును. ఊకతో నడచు యంత్రము ఎక్కువ బరువు మ్రింగినంత మాత్రమున చెడ్డదియు కాదు. నూనెతో నడచునది తక్కువ త్రాగినంత మాత్రమున మంచిదియు కాదు. ఇంధనపు బరువును ముందుగా వేడిలోనికి మార్చవలెను. పిమ్మట ఆ వేడిని పనితో పోల్చవలెను.

అట్లే చూతము. కిరసనాయిలు కిలోగ్రామునకు 10,100 కిలోకేలరీలను లెక్కన 238 గ్రాములలో నున్న వేడి ఇంచుమించు 2,404 కిలోకేలరీలు. అందు పనిగా మారినది 632. అనగా నూటికి 26 పాళ్లకు పైన. ఆవిరియంత్రపు ఎనిమిది పాళ్లతో పోల్చినచో మూడు రెట్లు. ఆనాటికి లోకములోనున్న ఉష్ణయంత్రములలో ఇంత పొదుపైనది లేదు.

గ్రంథములో వ్రాసినది 73. తూకములో తేలినది 26. రెండవ సంఖ్య చిన్నది, కాని సత్యమైనది. డీజిల్‌కు కీర్తి దెచ్చినది ఆ చిన్న సంఖ్యయే. కొలత మారినను ఆ సత్యము మారదు. నేటి ఇంజనీర్లు గుఱ్ఱపుబలమునకు మారుగా కిలోవాటును వాడుచున్నారు. ఒక గుఱ్ఱపుబలము 0.7355 కిలోవాటు. కావున 238 గ్రాములు కిలోవాటు గంటకు 324 గ్రాములగును. కిలోవాటు గంట 860 కిలోకేలరీలకు సమానము. మరల భాగించి చూచినను వచ్చునది ఆ 26 పాళ్లే. ఒకే బస్తాను మణుగులలో తూచినను, కిలోగ్రాములలో తూచినను ధాన్యము మారదు గదా!

పరీక్షాఫలితములు వెలువడినంతనే పలుదేశముల కంపెనీలు డీజిల్ వాకిట నిలిచెను. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ అను ధనికుడు పదిలక్షల మార్కులకు కొనెను. రష్యాలో నోబెల్ కుటుంబమువారు హక్కులు పొందిరి. 1898లో తన పేటెంటు హక్కులను 35 లక్షల మార్కుల విలువకు ఒక సంఘమున కప్పగించి డీజిల్ ధనవంతుడయ్యెను. మ్యూనిక్‌లో గొప్ప భవనమును కట్టించెను. తోలుసామానులు మోసిన బాలుడు నలువదేండ్లకే లక్షాధికారియయ్యెను.

కాని సుఖము నిలువలేదు. తొందరపడి తయారుచేసిన తొలి ఇంజనులలో పెక్కు చెడిపోయెను. కొన్నవారు మరల పంపివేసిరి. పేటెంటు తనదని కొందరు వ్యాజ్యములు వేసిరి. గ్రంథములో చెప్పిన ఇంజను వేరు, నడచుచున్న ఇంజను వేరని పండితులు దెప్పిపొడిచిరి. రాత్రింబవళ్లు శ్రమించిన డీజిల్ ఆరోగ్యము చెడి 1898లో చికిత్సాలయము చేరవలసివచ్చెను.

1900వ సంవత్సరమున పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమానము లభించెను. అచ్చట ఒక చిన్న ఇంజనును వేరుశనగనూనెతో నడిపిరి. చూచువారిలో పెక్కురకు అది వంటనూనెతో తిరుగుచున్నదని తెలియనే లేదు. భూమిలోనుండి తోడిన నూనె లేని దేశములు తమ పొలములలో పండిన గింజలనుండియే యంత్రములను నడుపుకొనవచ్చునని డీజిల్ 1912లో తెలియజెప్పెను. ఇప్పుడు గాలిని చెరచు పొగను గూర్చి లోకమంతయు చింతించుచు మొక్కలనుండి తీసిన నూనెలను ఇంజనులలో వాడుచుండగా ఆ మాట మరల స్మరణకు వచ్చుచున్నది.

1903 నాటికే నదులలోను, కాలువలలోను తిరుగు ఓడలకు డీజిల్ ఇంజనులను అమర్చసాగిరి. 1912లో డెన్మార్కువారు నిర్మించిన సెలాండియా యను ఓడ డీజిల్ ఇంజనులతో మహాసముద్రములు దాటి బాంకాక్ వరకు పోయివచ్చెను. దానికి పొగగొట్టమే లేదు. బొగ్గును మోయు గదులును, దానిని పారలతో ఎగద్రోయు మనుష్యులును లేని ఆ ఓడను చూచుటకు రేవురేవునను జనులు గుమిగూడిరి. దూరప్రయాణమునకు ఇంధనపు బరువే గొప్ప అడ్డంకి. కిలోగ్రామునకు ఎక్కువ వేడినిచ్చు నూనెయును, ఆ వేడిలో ఎక్కువ పాలు రాబట్టు ఇంజనును ఒకచోట గలిసినందున ఆ అడ్డంకి తొలగెను.

ఇంజనులోని ప్రతి గ్రామునకు లెక్క చూచిన డీజిల్ తన యింటి జమాఖర్చులలో ఆ జాగ్రత్త చూపలేకపోయెను. భూముల వ్యాపారములోను, చమురుబావులలోను పెట్టిన ధనము మునిగిపోయెను. ఇంటి వ్యయములు తగ్గలేదు. అప్పులు ఆస్తిని మించెను. తన కష్టములను ఆతడు ఎవరికిని చెప్పుకొనలేదు. లోకమునకు కోటీశ్వరుడుగనే కనబడుచుండెను.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము డీజిల్ బెల్జియములోని ఆంట్వర్ప్ రేవులో డ్రెస్‌డెన్ అను ఆవిరియోడ నెక్కెను. ఇంగ్లండులో తన ఇంజనులు చేయు కంపెనీవారి సమావేశమునకు పోవుచుండెను. మిత్రులతో భుజించి, కొంతసేపు మాటలాడి, ఉదయము 6-15 గంటలకు లేపవలెనని చెప్పి తన గదికి పోయెను. తెల్లవారి చూడగా గదిలో లేడు. పడక నలుగలేదు. ఆతని టోపియు, పైకోటును ఓడ వెనుకభాగమున కనబడెను. పదిదినముల తరువాత డచ్చివారి పడవయొకటి సముద్రమున నొక కళేబరమును చూచెను. అందు దొరకిన వస్తువులను చూచి అవి తన తండ్రివేయని డీజిల్ కుమారుడు గుర్తించెను. ఆ రాత్రి యేమి జరిగినదో ఇప్పటికిని నిశ్చయముగ తేలలేదు. అప్పటికి ఆతని వయస్సు 55 సంవత్సరములు. ఆవిరి కాలమును ముగింపదలచిన మహనీయుని చివరి ప్రయాణము ఆవిరియోడలోనే జరిగెను.

డీజిల్ పోయినను ఆతడు ప్రారంభించిన లెక్క ఆగిపోలేదు. ఆతనికి 26 పాళ్లు చిక్కినచోట నేటి పెద్ద ఓడల ఇంజనులకు నూటికి 50 పాళ్లు వరకు చిక్కుచున్నవి. అయినను ఆతడు వ్రాసిన 73కు ఇంకను దూరమే యున్నది.

మరల నాగాయలంక రేవునకు వత్తము. ఒక పడవకు పది గుఱ్ఱపుబలముల ఇంజనున్నదనుకొందము. బంకులో డీజిలును బరువుతో గాక లీటర్లలో అమ్ముదురు. లీటరు డీజిలు సుమారు 0.83 కిలోగ్రాము తూగును. కావున లీటరులోనున్న వేడి ఇంచుమించు 8,400 కిలోకేలరీలు. చిన్న ఇంజను నూటికి 30 పాళ్లు రాబట్టునని యెంచినచో లీటరునుండి చిక్కు పని 2,520. పది గుఱ్ఱపుబలములు గంటసేపు పనిచేయుటకు కావలసినది 6,320. భాగించినచో రెండున్నర లీటర్లు. పూర్తిబలముతో నాలుగు గంటలు పోవలెనన్నచో పది లీటర్లు కావలెను; గాలివానకు, ఎదురునీటికి మరికొంత మిగుల్చుకొనవలెను. అదే ఇంజను గంటకు మూడున్నర లీటర్లు త్రాగుచున్నచో దానికేదో రోగము పట్టినదని పడవవాడు గ్రహింపవలెను. మూడున్నర లీటర్లలో 29,400 కిలోకేలరీలుండగా అది 21 పాళ్లే రాబట్టుచున్నది. డీజిల్ మొదటి ఇంజనుకంటెను అది వెనుకబడిపోయినదన్నమాట!

లెక్క తెలిసినవానికి ఇంజను తన రోగమును తానే చెప్పును. వచ్చినదెంత, వినియోగమైనదెంత, వ్యర్థమైనదెంత యని ఒకే కొలతలో చూచికొను అలవాటు యంత్రమునకే గాక మనుష్యునికిని అవసరము. రుడాల్ఫ్ డీజిల్ ఆ విద్యను లోకమునకు నేర్పెను. తన బ్రతుకులో మాత్రము పాటింపలేక బాధపడెను. ఆతని విజయమును చూచి నేర్చుకొనవలసినదెంతయో, ఆతని కష్టమును చూచి నేర్చుకొనవలసినదియు నంతయే యున్నది.